అక్క చేతి కొలతలు

ఆ వానాకాలం మా ఇంట్లోకి నీళ్లు వచ్చిన సంగతి అందరికంటే ముందు తెలిసింది మా అక్కకే. తెల్లవారుతుండగా కింది గదిలోంచి పిలిచింది. కేక పెట్టలేదు. వీధి తలుపు వేశారా అని అడిగే గొంతుతో, "ఒరేయ్ తమ్ముడూ, నా స్టూలు వచ్చి నన్ను తడుతోందిరా" అంది.

మెట్లు దిగుతుంటే సగంలోనే పాదం నీళ్లలో పడింది. చల్లగా, కదలకుండా, ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టున్నాయి. చీకట్లో చేతులు చాపి వెతికితే మంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న అక్క దొరికింది. స్టూలు నీళ్ల మీద తేలుతూ మంచం పట్టెను కొడుతోంది, ఎవరో తలుపు తట్టి, ఆగి, మళ్లీ తట్టినట్టు. అక్కను వీపు మీద వేసుకుని పైకి తెచ్చాను. మలుపులో ఆమె కాలు గోడకి తగిలి చీలమండ వాచింది. "నువ్వు చూస్తూ నడిచావు కదా, అందుకే తగిలింది" అంది.

అక్కకి చూపు లేదు. పేము కుర్చీలకు సీట్లు అల్లడం ఆమె పని. మా వీధి వాలుగా ఉంటుంది. ముందు నుంచి చూస్తే మా ఇల్లు ఒక అంతస్తు, వెనక నుంచి చూస్తే ఒకటిన్నర. ఆ సగం అంతస్తే అక్క గది. నేలమాళిగ అంటే మరీ పెద్ద మాట, మేం కింది గది అనేవాళ్లం. రోడ్డు మట్టానికి ఒక చిన్న కంత తప్ప కిటికీ లేదు. ఒకప్పుడు ఉన్న బల్బు మాడిపోయింది. అక్కకి దానితో పని లేదు, మార్చాలని మాకూ తోచలేదు. ఏదైనా ఇవ్వాలంటే మెట్ల మీద నిలబడి చాపేవాళ్లం; చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి తీసుకునేది. అన్నేళ్లలో ఆ గది ఎలా ఉంటుందో నేను ఒక్కసారైనా చూడలేదని నాకు తట్టింది నీళ్లు తోడేసిన తర్వాతే.

అప్పటికి చూడ్డానికి ఏమీ మిగల్లేదు. మేస్త్రీ మనుషులు మోటారు పెట్టి నీళ్లు లాగేశారు, బురద ఎత్తిపోశారు, ఉబ్బిపోయిన చెక్క సామానంతా పట్టుకెళ్లి వీధి చివర పారేశారు. నేను అక్కను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి వచ్చేసరికి కింద నాలుగు గోడలూ, ఒక వాసనా ఉన్నాయి. డాక్టరు ఆమె ఛాతీ విని, గోడలు ఆరేదాకా ఆ గది గాలి కూడా పీల్చకూడదన్నాడు.

పైన అక్క బతుకు కష్టమైంది. కుర్చీ అంచు, తలుపు రెక్క, బల్ల మూల, ఏదో ఒకటి ప్రతిరోజూ తగిలేది. ఒక సాయంత్రం మోచేతికి నూనె రాసుకుంటూ నింపాదిగా చెప్పింది.

"ఈ ఇల్లు నన్ను కొడుతోందిరా. వానలు వెనకబట్టేలోపు నా గది నాకు కావాలి. ఎలా ఉండేదో అలా. లేదంటే హాస్టల్‌కి పోతాను."

ఊరి అవతల చూపు లేని ఆడవాళ్ల హాస్టల్ ఒకటుంది. కొత్తవాళ్లకి అల్లిక నేర్పమని అక్కడి వార్డెన్ ఎప్పటినుంచో అక్కను పిలుస్తోంది.

"అక్కడ మాత్రం కొత్త కాదా?" అన్నాను.

"కొత్తే. కానీ అక్కడ అందరూ తడుముకునేవాళ్లే. ఎవరికి ఎవరు తగిలినా సారీ చెప్పుకునే పని లేదు."

నా భార్య పక్కనే ఉంది. ఆమె మాటకారి, పట్టపగలు కూడా ఇంట్లో అన్ని లైట్లూ వేసి ఉంచే మనిషి. "మీరెళ్లిపోతే నేనూ మీతో వచ్చేస్తాను వదినా. ఈయన ఒక్కరితో రోజంతా నేను ఏం మాట్లాడను? పోనీ పోట్లాడదామన్నా తోడెవరు?" అంది.

అక్క నవ్వింది. నేనూ నవ్వాననుకుంటాను. కానీ నాకు భయం వేసింది. నేను బడిలో లెక్కలు చెబుతాను. రోజంతా పిల్లల ముందు ఒక మొహం, తోటి టీచర్ల ముందు ఒక మొహం, ఇంట్లో మరొకటి. మెట్ల మీద కూర్చుని చీకట్లో అక్కతో మాట్లాడేటప్పుడు మాత్రం నాకు ఏ మొహమూ అక్కర్లేదు. అది పోతే నాకింకెక్కడా చోటు లేదని నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

మేస్త్రీ పొట్టిగా, లావుగా, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండేవాడు. తొందరపెడితే ఒప్పుకునేవాడు కాదు.

"గోడ తాగినవాడిలాంటిది సార్. మధ్యలో లేపామంటే మన మీదే పడుతుంది. దిగిందాకా ఆగాలి."

నీళ్లు నిలిచిన మేర గోడ చుట్టూ మోకాలెత్తున ఒక మరక ఏర్పడింది. మేస్త్రీ దాని మీద సుద్దతో గీత గీశాడు. వారం తిరిగేసరికి తడి ఆ గీత దాటి జానెడు పైకి పోయింది. బయట ఎండ కాస్తోంది. రెండో గీత గీశాడు. అదీ దాటింది.

"నీళ్లు తోడేసి ఇన్నాళ్లయింది. ఇంకా పైకి పోవడమేమిటి?" అన్నాను.

"నీళ్లు పోయాయి సార్. ఆ సంగతి గోడకి ఇంకా తెలీదు."

ఇటుక తడిని పీల్చి పైకి లాగుతుందని నాకూ తెలుసు. తెలిసినా, పొద్దున్నే టార్చి లైటు వేసుకుని దిగినప్పుడు, గోడ లోపల ఎవరో మెల్లగా లేచి నిలబడుతున్నట్టుండేది. మేస్త్రీ గోడకి ఒక ప్లాస్టిక్ కాగితం నాలుగు వైపులా టేపుతో అంటించాడు. లోపలి వైపు చెమట పడితే గోడ ఆరనట్టు. మర్నాడు చూస్తే కాగితం లోపల సన్నటి బొట్లు, ఎవరో దాని వెనక నిలబడి ఊపిరి వదిలినట్టు.

పాత ప్లాస్టరింగ్ అంతా చెక్కేశారు. ఇటుకలు బయటపడ్డాయి. ఫ్యాన్లు రాత్రింబవళ్లు తిరిగాయి. చివరికి ఒక రోజు ప్లాస్టిక్ కాగితం పొడిగా ఉంది. అప్పుడు మేస్త్రీ అడిగాడు.

"అరలు, కొక్కేలు ఎక్కడెక్కడ రావాలో చెప్పండి సార్. ప్లాస్టరింగ్ చేసేటప్పుడే గోడలో చెక్క ముక్కలు దిగ్గొట్టాలి. తర్వాత కావాలంటే అంతా పగలగొట్టడమే."

అక్క కిందికి దిగడానికి లేదు. నేను టేపూ కాగితమూ తీసుకుని ఆమె ముందు కూర్చున్నాను.

"కత్తి ఉండే కొక్కెం నేల నుంచి ఎంత ఎత్తు?"

"నాకేం తెలుసు? ఇక్కడ." చెయ్యి గాల్లోకి లేపి చూపించింది.

కొలిచాను. సరిచూసుకుందామని కాసేపాగి మళ్లీ అడిగాను. మళ్లీ చూపించింది. అరచెయ్యి తేడా వచ్చింది.

"నువ్వు కొలుస్తుంటే నా చెయ్యి బెదిరిపోతోందిరా" అంది. తర్వాత ఒళ్లో చేతులు పెట్టుకుని వాటినే వింటున్నట్టు కూర్చుంది. "త్వరగా కానివ్వు. రోజులు గడిచేకొద్దీ ఇవి మర్చిపోతున్నాయి."

ఆ ఉపాయం నా భార్యది. అక్కదీ ఆమెదీ ఒకే ఎత్తు, ఒకే చేతి పొడవు. ఒకరి జాకెట్టు ఒకరికి సరిపోతుంది. "మీ కొలతలు ఆయనకి చెప్పడమెందుకు వదినా, నాకే నేర్పండి. కిందికి పోయి మీలాగే కూర్చుంటాను. నా చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ మేస్త్రీ గుర్తు పెట్టుకుంటాడు" అంది.

పైన హాల్లో రెండు స్టూళ్లు వేశాను. నా భార్య ముందు, అక్క వెనక. అక్క తన చేతులు ఆమె చేతుల మీద వేసింది.

"కళ్లు మూసుకున్నావా?"

"మూసుకున్నాను వదినా."

"అబద్ధం. నీ భుజం చూస్తోంది."

నా భార్య పకపకా నవ్వింది. మొదటి రోజంతా నవ్వులే. అక్క ఆమె చెయ్యి పట్టుకుని దబ్బనం దగ్గరికి, కత్తి దగ్గరికి, పేము బద్దలు నానేసే తొట్టి దగ్గరికి తీసుకెళ్లేది. హాల్లో అవేవీ లేవు, గాలి తప్ప. "మనసులో లెక్కపెట్టకు. చెయ్యి బరువు వదిలెయ్. అది దారి వెతుక్కోకూడదు, ఇంటికి పోయినట్టు పోవాలి." చాలాసార్లు అలా తిప్పాక నవ్వులు ఆగిపోయాయి. నాలుగు చేతులు, ఒకే కదలిక. నేను పిల్లల పేపర్లు దిద్దుతూ మధ్యమధ్య తలెత్తి చూసేవాణ్ని. ఎవరిది ఏ చెయ్యో ఒక క్షణం తెలిసేది కాదు.

పైన నేర్చుకోవడం, వెంటనే కిందికి వెళ్లి కళ్లు మూసుకుని కూర్చుని చెయ్యి చాపడం. వేలు ఆగిన చోట మేస్త్రీ సుద్దతో గుర్తు పెట్టేవాడు. టార్చి నేను పట్టుకునేవాణ్ని. పని ముచ్చటగా సాగింది. రోజూ మేస్త్రీ "అమ్మగారు నా దగ్గర పనిలో చేరితే నేను టేపు అమ్మేసుకుంటాను" అనేవాడు.

ఒక మధ్యాహ్నం ఆ రోజు నేర్చుకున్నవన్నీ అయిపోయాయి. మేస్త్రీ సుద్ద జేబులో వేసుకున్నాడు. అప్పుడు నా భార్య కుడిచెయ్యి తనంతట తను కిందికి దిగి, వెనక్కి తిరిగి, మోకాలి ఎత్తున గోడకి ఆనింది. అక్కడ గుప్పిట బిగించింది, దేన్నో పట్టుకున్నట్టు.

"ఇక్కడొకటి ఉంది" అంది కళ్లు తెరవకుండా.

మేస్త్రీ వంగి చూశాడు. ఇటుకల సందులో తుప్పు రంగు కారిన ఒక పాత కన్నం ఉంది. వేలితో గెలికితే ఇనుప పొట్టు రాలింది.

"పెద్దమ్మగారు చెప్పారా అమ్మా?"

"లేదు" అంది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "చెప్పారేమో" అంది.

పైకి వచ్చి అక్కను అడిగాను.

"రింగు ఉండేది. పట్టుకోవడానికి."

"ఏం పట్టుకోవడానికి? అక్కడ పట్టుకుని ఏం చేస్తావు?"

"ఏమీ చెయ్యను. కొన్ని పూటలు గదికి గోడలు లేవనిపిస్తుంది. అప్పుడు పట్టుకుంటాను." గొంతు తగ్గించింది. "అది నేను దానికి చూపించలేదురా. ఎవరికీ చూపించలేదు."

వెనక కూర్చుని నేర్పేటప్పుడు అక్క చెయ్యే తెలియకుండా అటు లాగి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. అలాంటివి జరుగుతాయి. మనిషి దాచుకున్నది మాటల్లో కంటే కండరాల్లో ముందు బయటపడుతుంది. ఆ వివరణ నాకు నచ్చింది. దాన్ని పదేపదే చెప్పుకోవలసి రావడమే నచ్చలేదు. మేస్త్రీ ఆ కన్నంలో కొత్త రింగు బిగించాడు.

ప్లాస్టరింగ్ అయింది. ఇక అది ఆరాలి. పని లేని ఆ రోజుల్లో మా ఇంట్లో లైట్లు ఒక్కొక్కటే వెలగడం మానేశాయి. బడి నుంచి వచ్చేసరికి వంటింట్లో మసక చీకటి ఉండేది, అందులో నా భార్య కూరగాయలు తరుగుతూ ఉండేది. స్విచ్ వేస్తే కళ్లు చిట్లించి, "ఇప్పుడెందుకండీ?" అనేది. మాటలు తగ్గిపోయాయి. ఒకసారి బల్ల మీద చెయ్యి చాపి, ఆగి, మొహం నా వైపు తిప్పకుండా అడిగింది.

"గ్లాసు ఎవరు జరిపారు?"

"నేనే. నీళ్లు తాగి అటు పెట్టాను. అదిగో, నీ ఎదురుగానే ఉంది కదా."

"జరిపితే చెప్పండి."

అది కింది గది పద్ధతి. అక్క వస్తువు ఏది కదిపినా పైకి చెప్పాలి. పైన ఎప్పుడూ ఆ పద్ధతి లేదు.

"నీకు ఒంట్లో బాగానే ఉందా?" అన్నాను.

"హాయిగా ఉంది. ఇంతకుముందు ఇంట్లో ఎంత చప్పుడుండేదో ఇప్పుడు తెలుస్తోంది" అంది. చప్పుడు చేసేది ఆమే. ఆ మాట నేను అనలేదు.

అనడానికి ఒక కారణం అడ్డొచ్చింది. గది ఇంకా పూర్తి కాలేదు. అరలు ఎక్కాలి, కొత్త సామాను చేరాలి, ప్రతిదానికీ ఆమె చెయ్యి కావాలి. వద్దంటే పని ఆగుతుంది. పని ఆగితే అక్క వెళ్లిపోతుంది.

ఒక రోజు వాన వల్ల బడి మధ్యాహ్నానికే వదిలేశారు. ఇంటికి వచ్చేసరికి అక్క హాల్లో కుర్చీలోనే నిద్రపోతోంది. నా భార్య ఎక్కడా లేదు. మెట్ల తలుపు తీసి ఉంది. కిందికి దిగాను. తడి సున్నం వాసన. చీకట్లో ఒక శబ్దం వస్తోంది. నానిన పేము బద్ద కన్నంలోంచి దూరి సాగుతున్నప్పుడు వచ్చే సన్నటి కీచు. ఆ శబ్దం నాకు బాగా తెలుసు. ఏళ్ల తరబడి నేను పైన నిద్రపోయింది అది వింటూనే.

"ఎవరు?" అంది నా భార్య గొంతు.

"నేనే."

"పని మధ్యలో ఉన్నానండీ. కాసేపు మాట్లాడకండి."

"నీకు అల్లిక వచ్చా?"

"రాదు" అంది. కీచు ఆగలేదు.

ఆమె పైకి వచ్చాక, ఆమె అల్లుతున్న కుర్చీని నేను వెలుతుర్లోకి తెచ్చాను. సీటు సగం దాకా అల్లి ఉంది. బిగువుగా, సమంగా. అక్కను నిద్ర లేపి ఆమె ముందు పెట్టాను. అక్క వేళ్లు దాని మీద నడిచాయి. ముందు వేగంగా, తర్వాత నెమ్మదిగా, చివరికి ఒక మూల దగ్గర ఆగిపోయాయి.

"ఈ మూల మలుపులో నేను ఎప్పుడూ ఒక బద్ద దాటేస్తాను. చిన్నప్పటి అలవాటు. ఎంత ప్రయత్నించినా పోలేదు" అంది. "ఇక్కడా దాటేసి ఉంది."

"నువ్వే నేర్పి ఉంటావక్కా, వెనక కూర్చుని."

"తప్పు ఎవరైనా నేర్పుతారా?" అంది అక్క.

చివరి అర బిగించడానికి వచ్చిన మేస్త్రీ ఆ రోజు ఏమీ నమలడం లేదు. నా భార్య ముందే కింద స్టూలు మీద కూర్చుని ఉంది. అతను టార్చి వేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. పని అయ్యాక మెట్లెక్కి వచ్చి, నన్ను వీధి గుమ్మం దాకా పక్కకి తీసుకెళ్లాడు.

"తప్పుగా అనుకోకండి సార్. అమ్మగారికి కళ్లు బాగానే ఉన్నాయి కదా?"

"ఉన్నాయి. ఏం?"

"మెట్ల మీంచి పడే వెలుతుర్లోనే పని చేస్తూ, మేకు తెద్దామని లేచి ఆవిడ ఎదురుగా నిలబడ్డాను. నన్ను చూడలేదు. నా చొక్కా వాసన చూసి, 'మేస్త్రీ, కొంచెం పక్కకి జరుగు' అన్నారు." సంచీ భుజాన వేసుకున్నాడు. "గోడ ఆరింది సార్. నా పని అయిపోయింది. ఇంకేమన్నా ఉంటే వేరే మనిషిని చూసుకోండి."

అక్క తన గదికి తిరిగి వెళ్లిన రోజు పొద్దున వాన లేదు. డాక్టరు సరేనన్నాడు. నేను చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను. చివరి మెట్టు మీద ఆమె నా చెయ్యి వదిలేసింది. నా భార్య నా వెనక మెట్ల మీదే ఆగింది. అక్క చీకట్లోకి నడిచింది. ఎక్కడా తగల్లేదు, ఎక్కడా ఆగలేదు. స్టూలు కదిలిన చప్పుడు. తర్వాత ఒక్కొక్క వస్తువూ ఆమె చేతికి అందుతున్న చప్పుడు. దబ్బనం. కత్తి. సుత్తి. తొట్టిలో నీళ్లు కదిలాయి. అందిన ప్రతిదానికీ అక్క "ఊఁ" అంటోంది, కథ వింటున్నట్టు. నా గుండె తేలికపడింది. ఇక ఎక్కడికీ వెళ్లదు అనుకున్నాను.

అప్పుడు "ఊఁ"లు ఆగిపోయాయి.

"ఏమైందక్కా? ఏదన్నా తేడాగా ఉందా?"

"తేడా ఏమీ లేదు." కాసేపటికి మళ్లీ గొంతు వినిపించింది. "ఇనుము చల్లగా ఉండాలి కదరా. రింగు వెచ్చగా ఉంది."

నేను మెట్ల మీదున్న నా భార్య వైపు తిరిగాను. పొద్దుటి నుంచీ ఆమె నాతోనే ఉందో లేదో గుర్తు చేసుకోవడానికి నేను ప్రయత్నించాను.

"నువ్వు పైకి వెళ్లరా. అమ్మాయ్, నువ్వు ఉండు" అంది అక్క.

నేను పైకి వచ్చేశాను. అలా చెప్పగానే ఎందుకు వచ్చేశానో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. బహుశా ఆ గొంతులో నాకు కావలసింది వినిపించి ఉంటుంది. అక్క ఉంటోంది. మిగతాది తర్వాత చూసుకోవచ్చు.

తర్వాతి రోజులు పైకి మామూలుగానే గడిచాయి. ఇద్దరూ కింద పని చేసేవారు. కుర్చీలు రెట్టింపు వేగంతో తయారయ్యేవి, తెచ్చేవాళ్లు ఆశ్చర్యపోయేవారు. నేను మెట్ల మీద కూర్చుని మునుపటిలా మాట్లాడబోయేవాణ్ని. జవాబు వచ్చేది, కానీ ముందు ఒక చిన్న ఖాళీ ఉండేది, ఎవరు చెప్పాలో వాళ్లలో వాళ్లు తేల్చుకుంటున్నట్టు. కింద ఇద్దరున్నారు. శబ్దం మాత్రం ఒక్కరిదే.

వానలు పలచబడుతుండగా అక్క పగటిపూట పైకి రావడం మొదలుపెట్టింది. వెనక వసారాలో ఎండపొడ పడే చోట కూర్చునేది.

"కింద బాగాలేదా?" అని అడిగాను.

"బాగానే ఉందిరా. అంతా ఎక్కడిదక్కడే ఉంది." అరచేతులు ఎండలో తిప్పుకుంటోంది. "నేను చెయ్యి చాపేసరికి అక్కడ చెయ్యి ఉంటోంది, అంతే. అది నన్ను తోసెయ్యదు. పాపం, జరుగుతుంది. కానీ జరగాల్సింది ఎవరో ఇద్దరికీ తెలియడం లేదు."

"నేను దానితో మాట్లాడతాను."

"ఎవరితో?" అంది అక్క. అడిగిన తీరులో వెటకారం లేదు.

ఆ సాయంత్రం నా భార్యతో మాట్లాడాను కూడా. కొన్నాళ్లు ఎటైనా వెళ్లొద్దామన్నాను. వెలుతురున్న చోటికి, జనం ఉన్న చోటికి. ఆమె తల కొంచెం పక్కకి వంచి శ్రద్ధగా విని, "మీరు వెళ్లి రండి" అంది. ఆ తర్వాత, నేను నిలబడిన చోటికి కాస్త ఎడంగా చూస్తూ, నవ్వింది.

హాస్టల్ వార్డెన్ వచ్చింది వానలు వెనకబట్టాకే. పొడుగాటి మనిషి, చేతిలో గొడుగు, గట్టి గొంతు. నేను అప్పుడే బడి నుంచి వచ్చి గేటు తీస్తున్నాను.

"మీ అక్కగారి కోసం మంచం అట్టే పెట్టాను. ఎన్నాళ్లని ఆపను? ఇవాళ తేలిపోవాలి" అంది.

"గది బాగైందండీ. ఆమె ఇక్కడే ఉంటుంది."

"అది ఆవిడ చెప్పాలి. నేను తమ్ముళ్ల మాట నమ్మను. చాలామంది తమ్ముళ్లని చూశాను."

మెట్ల తలుపు దాకా తీసుకొచ్చాను. కిందనుంచి కీచు వస్తోంది. వార్డెన్ చీకట్లోకి వంగింది.

"ఏమమ్మా, వస్తావా మాతో? అక్కడ పిల్లలు నీకోసం ఎదురు చూస్తున్నారు."

కీచు ఆగింది. ఆ చిన్న ఖాళీ. తర్వాత అక్క గొంతు, స్పష్టంగా.

"నా గది నాకు వచ్చింది. నేను ఎక్కడికీ రాను."

"బాగా ఆలోచించుకునే చెబుతున్నావా?"

"రానమ్మా. ఇక అడగొద్దు."

వార్డెన్ నిటారుగా నిలబడి నా వైపు చూసి, "ఆవిడ నోటితోనే విన్నాను. ఇక చాలు. ఆ మంచం వేరే అమ్మాయికి ఇచ్చేస్తాను" అంది. గేటు దాకా సాగనంపాను. ఆమె గొడుగు ఊపుకుంటూ వాలు దిగి వెళ్లిపోయింది. నా ఒంట్లోంచి ఏదో పెద్ద బరువు దిగిపోయింది. ఈ సంగతి మా ఆవిడకి చెప్పాలనిపించింది. పగలు ఇప్పుడు ఇద్దరిలో ఒకరే కింద ఉంటున్నారు; అక్క కింద ఉందంటే ఆమె వెనక వసారాలో ఉంటుందని, ఇంటి పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్లాను.

వసారాలో అక్క కూర్చుని ఉంది. ఉతికిన చీర కట్టుకుంది. తల నున్నగా దువ్వుకుంది. కాళ్లకి చెప్పులున్నాయి. పక్కన గుడ్డ సంచీ, మూతి బిగించి ముడి వేసి ఉంది.

నా అడుగులు విని మొహం ఇటు తిప్పింది.

"గేటు చప్పుడైంది. హాస్టల్ ఆవిడేనా?"

"ఆమే. వెళ్లిపోయింది."

అక్క చెప్పులున్న కాళ్లు వెనక్కి లాక్కుంది.

"నేనేమన్నాను?"

చెప్పడానికి నా దగ్గర రెండు జవాబులున్నాయి. వార్డెన్ ఇంకా వీధి మలుపు దాటి ఉండదు. పరుగెత్తితే అందుతుంది.

"రానన్నావు" అన్నాను.

"గట్టిగా అన్నానా?"

"గట్టిగానే."

అక్క తల ఊపింది. తర్వాత వంగి, పక్కకి చెయ్యి చాపి తడుముకుని, సంచీ ముడి విప్పడం మొదలుపెట్టింది.